ఫ్యాన్‌కి పెట్టించుకున్న స్విచ్

నా బండి డాష్‌బోర్డు మీద ఒక స్విచ్ ఉంది. ఇళ్లలో లైటుకు పెట్టే మామూలు తెల్ల స్విచ్చే, ఇప్పుడు పచ్చబడింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు రోత పుడుతుంది. స్విచ్ చేసిన పాపమేమీ లేదు. రోతంతా దాన్ని పెట్టించుకున్నవాడి మీద.

మాది తెలంగాణ సరిహద్దుకు అవతల, భోపాల్‌పట్నం నుంచి లోపలికి పోయే దారిలో ఒక ఊరు. పాత వ్యాన్ ఒకటి కొని, సంతలకు జనాన్ని తిప్పుతూ బతుకుతున్నాను. ఊరికీ పెద్దరోడ్డుకీ మధ్య మూడు వాగులున్నాయి. వాటి మీద వంతెనలు లేవు, వాగు అడుగున కాంక్రీటు పరిచిన రపటాలే. వానాకాలంలో నీళ్లు ఆ కాంక్రీటు మీదుగానే పోతాయి, మనమూ ఆ నీళ్లలోంచే పోవాలి. రేడియేటర్ వెనక కరెంటు ఫ్యాన్ ఉంటుంది, ఇంజను కాగినప్పుడు దానంతటదే తిరుగుతుంది. ఒకసారి సరిగ్గా వాగు మధ్యలో తిరిగింది. రెక్కలు నీళ్లకు తగిలి వంగి రేడియేటర్‌ని గీరి పారేశాయి. వాగులో దిగేముందు ఫ్యాన్ ఆపడానికి ఒక స్విచ్ కావాలని భోపాల్‌పట్నంలో మెకానిక్ దగ్గరికి వెళ్లాను.

అతను స్విచ్ బిగించి, ఆపితే ఆపినట్టే ఉంటుంది, మళ్లీ వేసేదాకా ఇంజను ఎంత కాగినా ఫ్యాన్ తిరగదు అని చెప్పాడు. ఆపి ఉన్నంతసేపు వెలిగేలా ఒక ఎర్ర బల్బు పెడతానన్నాడు. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నవాడికి బల్బు చెప్పాలా అని నేను కసురుకున్నాను. వేడి చూపే ముల్లు ఆ బండిలో ఎప్పుడో చచ్చిందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అతను బల్బు లేకుండానే బండి ఇచ్చేశాడు.

మా చెల్లె, భర్త పోయాక, కూతుర్ని తీసుకుని మా ఇంటికే వచ్చేసింది. వాళ్లిద్దరికీ నేనే దిక్కని ఊళ్లో నలుగురి ముందు చెప్పుకోవడం నాకు ఇష్టంగా ఉండేది. ఆ పిల్ల పన్నెండో తరగతి పాసై, నర్సింగు సీటు జాబితాలో పేరు తెచ్చుకుంది. జగదల్‌పూర్‌లో కాగితాలు చూపించడానికి ఆ రోజు సాయంత్రం ఐదింటి వరకే గడువు. ఎవరిదో మోటారు సైకిలెక్కి పొద్దున్నే రోడ్డు మీదికెళ్లి బస్సు పట్టుకుంటానంది. మామ బండి ఉండగా బస్సెందుకు అన్నాను. తెల్లవారుతుండగా బయల్దేరాం. నా పక్క సీట్లో కూర్చున్నప్పుడల్లా స్విచ్ సంగతి తనే చూసుకునేది. నీళ్లు కనిపించగానే "బంద్ మామా" అనేది, ఒడ్డెక్కగానే మళ్లీ వెయ్యమని "చాలూ మామా" అనేది. మొదటి వాగు అలాగే దాటాం.

రెండో వాగు కూడా దాటగానే ఒడ్డున, రోడ్డు కాంట్రాక్టులు చేసే ఠేకేదారు ఒకాయన నిలబడి చెయ్యెత్తాడు. ఆ రపటాలు కట్టించింది ఆయనే, వాటి మీద మోటారు సైకిలు నడపలేక మా బండి ఎక్కింది కూడా ఆయనే. పిల్లని వెనక్కి పొమ్మని ఆయన్ని ముందు కూర్చోబెట్టాను. నోటినిండా గుట్కా. ఈ స్విచ్ ఏంటని అడిగాడు. అంతే, నా నోటికి మూత పడలేదు. మూడో వాగులో దిగేముందు ఫ్యాన్ ఆపి చూపించాను. ఇది నా సొంత తెలివి అన్నాను. ఒడ్డెక్కాం. వెనకనుంచి "చాలూ మామా" అని వినిపించింది. నేను మాటల్లో ఉన్నాను. కాసేపటికి నా భుజం మీద చెయ్యి పడింది.

"మామా, ఫ్యాన్ చాలూ చెయ్యలే."

"పెద్దోళ్లు మాట్లాడుతుంటే నడుమ నీ గోలేంది? నోర్మూసుకొని కూసో."

ఠేకేదారు నవ్వి కిటికీలోంచి ఉమ్మాడు. సగం నా తలుపు మీదే కారింది. చూసి నేనూ నవ్వాను.

ఆ వాగు తర్వాత పెద్దరోడ్డు దాకా బురదలో ఎత్తు ఎక్కాలి, అంతా ఒకటో గేరులోనే. సగం దూరంలో కాలిన వాసన వచ్చింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది, ఇంజను టకటకా కొట్టుకుని ఆగిపోయింది. ఠేకేదారు కిందికి దిగి ముందుకెళ్లాడు. ఆయన చూడకుండా చెయ్యి చాపి స్విచ్ వేసేశాను. తలెత్తితే అద్దంలో పిల్ల నన్నే చూస్తోంది.

ఠేకేదారు ఎవరిదో మోటారు సైకిలెక్కి వెళ్లిపోయాడు. మేమిద్దరం రోడ్డు దాకా నడిచాం. బస్సు పోయింది. లారీ పట్టుకుని బీజాపూర్, అక్కణ్ణుంచి బస్సులో జగదల్‌పూర్ చేరేసరికి ఆరు దాటింది. ఆఫీసులో మిగిలిన గుమాస్తా, సీటు తర్వాతి పేరుకు వెళ్లిపోయిందని మర్యాదగానే చెప్పాడు. రేపు పొద్దున్నే వస్తే కుదరదా అని పిల్ల హిందీలో రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు.

మర్నాడు ఇంటికొచ్చాక చెల్లె ఏం జరిగిందని అడిగింది. దారంతా నేను ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. అయినా మాట నోట్లో సిద్ధంగా ఉంది.

"ఫ్యాన్ సంగతి నాకు యాది చేసుడు దీని పని. మరిచింది."

పిల్ల నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. ఎవరి ఇంట్లో నిలబడి ఉందో లెక్క చూసుకుంటున్నట్టు ఉంది.

"అవునమ్మా, మరిచిన."

చెల్లె దాన్ని వీపు మీద రెండు దెబ్బలు కొట్టింది. నేనే అడ్డం వెళ్లి, చిన్నపిల్ల, పోనీయమని ఆపాను. ఛీ, అదీ నా బతుకు. ఎంత మంచోనివి అన్నా అని చెల్లె కళ్లు తుడుచుకుంది.

మరుసటేడు జాబితాలో దాని పేరు రాలేదు. ఇప్పుడు ఏటా చలికాలంలో తల్లీకూతుళ్లు తెలంగాణ వైపు మిరప తోటలకు కాయలు ఏరడానికి వెళ్తున్నారు. ఆ కారానికి పిల్ల వేళ్లకు మంటలు పుట్టి చర్మం ఊడుతుంది. చెల్లె మాత్రం ఎవరొచ్చినా, నా బిడ్డకు మతి లేదు, చేతికొచ్చిన సీటు పోగొట్టుకుంది అని చెబుతుంది. మొన్న కూడా నా ఎదురుగానే అంది. పిల్ల ఆ వేళ్లతోనే నా కంచంలో అన్నం పెడుతోంది. నేను తల దించుకుని, ఇంకొంచెం కూర వెయ్యమన్నాను.