పెద్దమ్మగారి వాటా

పెద్దమ్మగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్నే వాళ్ళ చిన్నబ్బాయిగారు ఫోన్ చేశారు. "నువ్వు వచ్చేదాకా పాడె ఎత్తొద్దని అమ్మ ముందే చెప్పిందిరా. బస్సు కోసం కూర్చోకు, ఆటో ఎక్కి రా" అన్నారు. వెళ్ళాను. మోశాను. నా వయసుకి మోయకూడదని నలుగురూ అన్నారు గానీ నేను వినలేదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. మండపేట దగ్గర వాళ్ళ లోగిట్లో ఒకప్పుడు నేను పాలేరుని. పాలేరంటే జీతం తీసుకునే పనివాడని ఇప్పటివాళ్ళు అనుకుంటారు. మా నాన్న ఎప్పుడో గాలివానకి ఇల్లు పడిపోతే ఆవిడ భర్త పెద్దయ్యగారి దగ్గర ధాన్యం అప్పు తీసుకున్నాడు. ఎన్ని బస్తాలో మా నాన్నకీ తెలియదు, నాకూ తెలియదు. నాన్న పోయాక ఆయన చోట్లో నేను నిలబడ్డాను. పాలేర్ల పిల్లలకి ఏడేళ్ళొస్తే వాళ్ళూ ఆ ఇంటి గేదెల వెంట వెళ్ళాలి. మానేసి పోతానంటే పోనివ్వరు. దాన్ని బానిసత్వం అనే అంటాను. మర్యాద కోసం ఇంకో పేరు పెట్టలేను.

ఆవిడ దేవత అని రాయమని మా మనవరాలు అంటోంది. దేవత కాదు. ఆవకాయ ముక్కని కత్తిపీట మీద రెండు చేసి ఇద్దరికి వేసేవారు. ఆవిడ పోసే మజ్జిగలో మజ్జిగ కంటే కాలవ ఎక్కువ. పెద్దయ్యగారి చెప్పులు తొడుక్కుని పశువుల పాకలోకి టపటపా వస్తుంటే గేదెలు కూడా సర్దుకుని నిలబడేవి. జ్వరమొచ్చి పడుకుంటే మాత్రం మా గుడిసె దాకా వచ్చి తిట్టేవారు. తిడుతూనే మిరియాల చారు గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయేవారు.

పెద్దయ్యగారు పోయాక కొడుకులిద్దరికీ పంపకాలు పెట్టారు. పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని పొలాలు, ఎడ్లు, బళ్ళు పంచారు. ఆ తర్వాత మా నలుగురు పాలేర్లనీ పంచడం మొదలుపెట్టారు. చిన్నబ్బాయిగారి వాటాకి నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను వచ్చింది. అది ఆగిపోతోందని ఆయన గొడవ చేశారు. "అయితే వీణ్ణి కూడా కలపండి, సరిపోతుంది" అన్నాడు ఒక పెద్దమనిషి, నా వైపు చూపించి.

"వీడికి పొగరండి. ఇంజనే నయం" అన్నారు చిన్నబ్బాయిగారు.

నాకు ఒళ్ళు మండింది. నన్ను పంచుతున్నందుకు కాదు, పాడైన ఇంజనుకి కొసరుగా వేసినందుకు. అప్పటికి నా బుద్ధి అంతే.

"అదేంటండి! అది పూటకి రెండుసార్లు ఆగుద్ది. నేనెప్పుడన్నా ఆగానా అండి?" అన్నాను.

అరుగంతా నవ్వింది. లోపల తలుపు చాటున ఉన్న పెద్దమ్మగారు మాత్రం నవ్వలేదు. బయటికొచ్చి అడిగారు.

"నా వాటా ఏదర్రా?"

"కొబ్బరితోట నీకేగా అమ్మా" అన్నారు పెద్దబ్బాయిగారు.

"తోట మీరే ఉంచుకోండి. నాకు పాలేర్లు నలుగురూ కావాలి."

"పొలం లేనిదానివి, నీకు పాలేర్లెందుకే?"

"కాళ్ళు పట్టించుకుంటా."

"నీకున్నవి రెండు కాళ్ళేగా?"

"చేతులు లేవేంట్రా?"

కొబ్బరితోట దక్కితే ఎవడు కాదంటాడు? ఆవిడ మనసు మారేలోపు కొడుకులిద్దరూ సంతకాలు పెట్టేశారు.

ఆ సాయంత్రమే పెద్దమ్మగారు మా నలుగురినీ పాకలో నిలబెట్టి, బాకీ తీరిపోయింది, ఇక ఎవరిష్టం వాళ్ళదని రాయించిన కాగితాలు చూపించారు. నేను బొటనవేలు చాపాను. ఆ వేలి మీద ఒక్కటిచ్చారు.

"వేలిముద్ర నిద్దరోయేవాడి చేత కూడా వేయించొచ్చురా. రేపు నా కొడుకులే ఇంకో కాగితం పట్టుకొస్తారు. సంతకం నేర్చుకుని పెట్టు. అప్పుడు పో."

మిగిలిన ముగ్గురూ వారం పది రోజుల్లో పెట్టేసి వెళ్ళిపోయారు. నాకు నెల దాటింది. ముర్రా గేదెని ఒంటి చేత్తో ఆపేవాణ్ణి, బలపం చేతిలో ఆగేది కాదు. రోజూ పాలు పితికాక పాక గోడ మీద బొగ్గుతో రాసేవాణ్ణి. ఆవిడ చూసి, "ఇది నీ పేరా, వానపామా?" అని పేడనీళ్ళతో అలికేసేవారు.

అప్పటికి నా భార్య నిండు నెలల మనిషి. బిడ్డ ముందు పుడితే పాలేరు బిడ్డే అవుద్దని దాని భయం. "మా ఆయన సంతకం ముందొస్తదో, నా బిడ్డ ముందొస్తదో చూడండమ్మగారూ" అని ఊరంతా వినేలా దెప్పేది. నవ్వుతూనే అనేది గానీ, కళ్ళలో నవ్వు ఉండేది కాదు. సంతకమే ముందొచ్చింది, ఆరు రోజుల తేడాతో. పెద్దమ్మగారు కాగితాన్ని వెలుగులో పెట్టి చూసి, "వంకరే. అయినా నీదే" అన్నారు.

సంగతి తెలిసి పెద్దబ్బాయిగారు ఊగిపోయారు. "తోట వదులుకుని తీసుకున్నది వీళ్ళని వదిలేయడానికా? నీ వాటా ఏం చేశావే?"

"తినేశాన్రా. అరిగిపోయింది" అన్నారు ఆవిడ.

సంతకం పెట్టిన మర్నాడు తెల్లారగానే లేచి తిన్నగా పాకకే వెళ్ళాను. కాగితం సంగతి కాళ్ళకి తెలియదు కదా. పెద్దమ్మగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఎవరు కావాలండి?"

నా వెనక ఎవరో వచ్చారనుకుని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"మిమ్మల్నేనండి. పని కోసం వచ్చారా? కూలి మాట్లాడుకుందామా?"

ఆ ఇంటి పనిలోనే పెరిగినవాణ్ణి, అంతవరకు కుదరదన్న మాట అనలేదు. అది ఎలా ఉంటుందో చూద్దామనిపించింది.

"ఇయ్యాళ ఖాళీ లేదండి. రేపు చూసి చెబుతాను" అన్నాను.

"సరేనండి. మీ వీలు."

ఖాళీ లేదన్నాను గానీ చేసే పనేమీ లేదు. ఎదురుగా ఉన్న కాలవ వంతెన మీద కూర్చున్నాను. పొద్దుటిపూట ఊరికే కూర్చోవడం అదే మొదలు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అవతల పెద్దమ్మగారు చీర ఎగ్గట్టి కుడితి బాల్చీ ఈడ్చుకుపోతున్నారు. సగం ఆవిడ మీదే ఒలుకుతోంది. చూడలేక లేచాను. ఆవిడ తల తిప్పకుండానే, తడి చెయ్యి గాలిలోకెత్తి, కూర్చోమన్నట్టు ఊపారు.