రెండు మచ్చల ప్రజాతి

సమోరా ఊళ్లో సైన్సు టీచరు యుడోక్సియా అంటే అందరికీ తెలుసు. ఆమె చెల్లెలు మెల్వా అంటే, "ఆ పురుగులు మేపే ఆవిడా?" అనేవాళ్లు.

మేపిన మాట నిజమే. వెనక రెక్కలకు వెంట్రుకల్లాంటి తోకలుండే బుల్లి సీతాకోకచిలుకలంటే అక్కకు పిచ్చి. వాటి గొంగళిపురుగులు గ్వాబా మొగ్గలు తప్ప ఇంకేం ముట్టవు. చెట్టెక్కి మొగ్గలు కోయడం, డబ్బాలు కడగడం, వంటావార్పూ అన్నీ మెల్వావే. లోహా ఊరి నుంచి లారీ తోలుకొచ్చే సెగుండో మెల్వాను చేసుకుంటానని అడిగితే అక్క, "నా పుస్తకం పూర్తికానీవే, తర్వాత నీ ఇష్టం" అంది. అది పూర్తయ్యేసరికి సెగుండో కూతురు బడికెళ్తోంది.

పుస్తకంలో అక్క కొత్త ప్రజాతినొకదాన్ని, అంటే దగ్గరి జాతుల గుంపునొకదాన్ని, నిలబెట్టింది. అంతదాకా తెలిసినవాటిలో మగదాని ముందు రెక్క మీద వాసన చల్లే నల్లమచ్చ ఒకటే. తను పట్టినవాటికి రెండు. ఆ తేడా చాలు, ఇవి వేరే అని రాసింది. మెల్వా పేరు అందులో ఎక్కడా లేదు. అయినా ఇంటికెవరొచ్చినా ఆ పేజీ తీసి చూపించేది మెల్వాయే.

ఒక ఏడాది రాజధాని కీటో నుంచి సీతాకోకచిలుకల పరిశోధకుడు డాక్టర్ ఓల్గర్ వచ్చాడు. మర్యాదస్తుడు.

"టీచర్ గారూ, ఒట్టి మచ్చల్ని చూసి విడదీస్తే నిలవదేమో. ఒక్క తల్లి గుడ్లు పెంచి చూద్దామా?"

"చూడండి. మా మెల్వా పెంచుతుంది."

పెంచింది. ప్యూపాలు పగిలిన పొద్దున, డాక్టరింకా రాకముందే, అక్క డబ్బా మీదికి వంగి ఉంది. అప్పుడే రెక్కలారిన మగది. ఒకటే మచ్చ. అక్క దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి పొయ్యిలో పడేసింది.

"అదీ ఆ తల్లి పిల్లే కదక్కా" అంది మెల్వా.

"నోర్ముయ్యవే."

డాక్టరొచ్చి, గ్వయూసా టీ తాగుతూ, ఖాళీ ప్యూపా చూసి, "ఇందులోది ఏమైంది మెల్వా గారూ?" అని ఆమెనే అడిగాడు.

మెల్వాకు సెగుండో లారీ గుర్తొచ్చింది. ఆ పుస్తకమే తప్పయితే తను దేనికోసం ఉండిపోయినట్టు?

"అవిటి రెక్కలతో పుట్టింది. కోడి తినేసిందండీ" అంది.

కొన్నేళ్లకు డాక్టరు పొరుగుదేశం పెరూలో ఆ రకాన్నే మళ్లీ పెంచి చూశాడు. రెండు రకాల మగవీ ఒక్క తల్లికే పుట్టాయి. అక్క ప్రజాతిని పాతదాంట్లో కలిపేశారు. ఆ కబురు తెలిసిన మధ్యాహ్నం యుడోక్సియా చేపా, యూకా దుంపా ఏదీ ముట్టలేదు.

"ఆ రోజే నువ్వు నిజం చెప్పుంటే నా తప్పు నేనే దిద్దుకునేదాన్ని. పరువు పోయేది కాదు" అంది.

మెల్వా ఆమె ముట్టని పళ్లెం తీసేస్తూ, "అవునక్కా, నాదే తప్పు" అంది.

తర్వాత అక్క మంచాన పడింది. ఒళ్లు తుడిచిందీ, నోటికి అందించిందీ మెల్వాయే. ఎంత ప్రేమోనని ఊరంతా మెచ్చుకుంది. అక్కతో మాత్రం ఆమె పోయేదాకా మెల్వా మాట్లాడలేదు.