మా గేలన్ బావ తుపాకీ గురి తప్పిన ఏడాది

మా అక్క ఓర్ఫా మొగుడు గేలన్ స్నూక్ గురించి ఎవరడిగినా నేను తిట్లతోనే మొదలుపెడతాను. అంత మొండిఘటం ఈ లోయలో ఇంకొకడు లేడు. కాఫీలో రెండు చెంచాల చక్కెర కలుపుకుంటూ "చక్కెర మానేసి ఆర్నెల్లయింది" అని డాక్టరుతో ఫోనులో చెప్పగల మనిషి. నలభై రెండేళ్ళు రంపపు మిల్లులో దుంగలు కోసి, పది వేళ్ళతోనూ రిటైరయ్యాడు. మా దగ్గర అది చిన్న సంగతి కాదు. చర్చిలో పాటల పుస్తకం పట్టుకున్న చేతుల్ని చూస్తే ఎవరు మిల్లులో పనిచేశారో ఇట్టే చెప్పేయవచ్చు. గేలన్ బావ చేతుల్ని చూస్తే మాత్రం బడిపంతులేమో అనుకుంటారు.

తన తుపాకీని తనే చేసుకున్నాడు. రెండు చలికాలాలు నేలమాళిగలోనే గడిపాడు. మేపుల్ చెక్కను చెక్కి, రుద్ది, నూనె పట్టించి, మళ్ళీ రుద్ది, ఇంటినిండా పొట్టు చేశాడు. "ఆ రెండేళ్ళూ నాకు మొగుడు ఉన్నాడో లేడో భోజనాల వేళకే తెలిసేది" అనేది మా అక్క. అది మూతిలోంచి మందు కూరే పాతకాలపు తుపాకీ. మా పెన్సిల్వేనియాలో క్రిస్మస్ మర్నాడు మొదలై జనవరి దాకా సాగే జింకల వేటకు అలాంటివే తేవాలి. గొట్టంలో మందు పోసి, కొవ్వు పట్టించిన గుండ్రటి గుడ్డముక్క మీద సీసపు గుండు పెట్టి, కర్రతో అడుగుదాకా దిగ్గొట్టాలి. చెకుముకి రాయి నిప్పు రాలిస్తే పేలుతుంది, మంచు తేమకు అలిగితే లేదు. ఉన్నది ఒక్కటే దెబ్బ. అది తప్పితే మళ్ళీ మందు కూరేలోపు జింక పక్క కౌంటీలో ఉంటుంది.

వేటలో గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి కొండమీది క్యాబిన్ గోడకు మేకు కొట్టడం మావాళ్ళ అలవాటు. ఆ గోడ మీద పాస్టరుగారి చొక్కా ముక్క కూడా ఉంది. మా అక్క కొడుకు డ్వైట్‌వి ఏడున్నాయి. గేలన్ బావది ఒక్కటీ లేదు, నిరుటి జనవరి దాకా.

నిరుడు బావ కొట్టిన ఆడజింక ఒకటి పడకుండా పరుగెత్తింది. రెండు రోజులు మంచులో నెత్తుటి చుక్కల వెంట నడిచాడు. వాగు దగ్గర ఆనవాలు పోయింది. ఇంటికొచ్చి బూట్లయినా విప్పకుండా వంటింట్లో కూర్చుని, "ఎక్కడో బాధపడుతూ చచ్చిపోయుంటుంది ఓర్ఫా" అని ఏడ్చాడు. ఆయన చొక్కా కత్తిరించడానికి ఎవరికీ మనసు రాలేదు. మర్నాడు తనే కొండెక్కి, తన చొక్కా తనే కత్తిరించుకుని, తనే మేకు కొట్టి వచ్చాడు.

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాడు. క్రిస్మస్ ముందురోజులోగా, యాభై బారు అంగల దూరంలో నిలబెట్టిన రేకు పళ్ళేన్ని వరసగా మూడుసార్లు కొట్టాలి. కొట్టలేకపోతే తుపాకీ డ్వైట్‌కి ఇచ్చేసి, తను క్యాబిన్‌లో బంగాళాదుంపల తొక్క తీస్తూ కూర్చుంటాడు.

డిసెంబరు నడిమిలో పశువుల కొట్టం వెనక మంచులో పళ్ళెం నిలబెట్టాడు. ఆ పళ్ళేలు నావే, నేను ఆపిల్ పై అనే తీపిరొట్టె కాల్చుకునేవి, అడక్కుండా పట్టుకుపోయినవి. మొదటి గుండు పళ్ళేనికి మూరెడు ఎడమగా పోయింది. రెండోది కొట్టం కప్పు మీది మంచును రాల్చింది. మూడోది ఎటు పోయిందో దేవుడికే తెలియాలి.

"చెకుముకి మొద్దుబారింది" అన్నాడు బావ. కొత్త రాయి బిగించాడు. తప్పింది. గురిచూసే ముల్లును వెంట్రుకవాసి పక్కకు జరిపాడు. తప్పింది. మందు కాస్త తగ్గించాడు, మర్నాడు కాస్త పెంచాడు. నిప్పు లోపలికి పోయే కన్నాన్ని పిన్నుతో పొడిచాడు. మసిలే నీళ్ళతో గొట్టం కడిగాడు. తవుడు బస్తా మీద తుపాకీ ఆనించి, ఊపిరి బిగబట్టి కాల్చాడు. అయినా గుండ్లు చెదిరిన కోళ్ళలా తలో దిక్కూ పోయాయి.

డ్వైట్ నన్ను పక్కకు లాగి గొంతు తగ్గించాడు. "తప్పు తుపాకీది కాదు వర్నా పిన్నీ. నాన్న చెయ్యి చూశావా? పొద్దున కాఫీ సాసర్లో ఒలికింది. డెబ్భై నాలుగేళ్ళొచ్చాయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "కాఫీ ఒలికితే గుండు కొట్టం కప్పెక్కుతుందట్రా? ఏదీ, నువ్వు కాల్చి చూడు."

డ్వైట్ కాల్చాడు. పళ్ళేనికి గాలి కూడా తగల్లేదు.

"చూశావా! తుపాకీలోనే ఉంది లోపం!" అన్నాను.

"నేను కొడితే తగలకపోవడం కొత్తేం కాదుగా పిన్నీ" అన్నాడు వాడు దిగులుగా. ఏడు చొక్కాలు పోగొట్టుకున్నవాడితో ఏం వాదిస్తాం!

బావ మాత్రం వాదించలేదు. అందుకే నాకు భయం వేసింది. ఇరవై మూడో తారీకు సాయంత్రం నేను ఎండుమొక్కజొన్న కూర పట్టుకుని వెళ్ళేసరికి డ్వైట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, చెకుముకి అంచుకు ఎలా పదును పెట్టాలో నేర్పిస్తున్నాడు. "దీనికి తడి పడదురా. వాడిన రోజే కడుగు. అన్నం తినకముందే కడుగు" అంటున్నాడు. పిల్లను అత్తారింటికి పంపుతున్నట్టుంది ఆ గొంతు. మా అక్క పొయ్యి వైపు తిరిగి నిలబడి, మూత తీస్తూ, పెడుతూ ఉంది. నేను గిన్నె బల్ల మీద దబ్బున పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే నా పళ్ళేల కోసం కొట్టం వెనక్కి వెళ్ళాను. పండగపూట పై దేంట్లో కాల్చాలి, నా నెత్తిన కాల్చాలా? పదిరోజులు కాల్చిన చోట మంచు గట్టిపడింది. దాని మీద అక్కడక్కడా నల్లగా ఏవో పడి ఉన్నాయి. తుపాకీ పేలినప్పుడు గుండు వెంట బయటికొచ్చి పడే గుడ్డముక్కలు. ఈ మగాళ్ళకు చెత్త ఏరుకునే అలవాటుంటేనా అని తిట్టుకుంటూ ఒకటి ఏరాను. ఏరినదాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

నాకు తుపాకీల సంగతి పెద్దగా తెలియదు. కానీ ముప్పై ఏళ్ళుగా ఈ బావ ప్రతి దెబ్బకూ వెళ్ళి ఆ ముక్క ఏరుకొచ్చి, కళ్ళద్దాలు పైకి నెట్టి, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూడటం నాకు తెలుసు. మంచి ముక్క గుండ్రంగా ఉంటుంది, నడుమ మసి ఉంటుంది, అంచు చెక్కుచెదరదు. నా చేతిలో ఉన్నదానికి నడుమ బొక్క. చుట్టూ కాలి, ముడుచుకుపోయి, అంచులు గట్టిగా పూసల్లా గడ్డకట్టాయి. ఇంకొకటి ఏరాను. అదీ అంతే. పదకొండు ఏరాను. పదకొండూ అంతే.

నీలం చారల గుడ్డ. నాకు ఆ చారలు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాయి? అక్టోబరులో బావ పుట్టినరోజుకు ఆ ముక్కలిచ్చింది నేను. గుండు కింద ముక్కలకు ఆయన వాడే పాత పరుపుగుడ్డ అయిపోయిందని అక్క చెబితే, పట్నంలో బట్టల షాపులో అచ్చం అలాంటి చారలే చూసి కొన్నాను. మూడు వందల ముక్కలు గుండ్రంగా కత్తిరించి, కొవ్వూ తేనెమైనమూ కరిగించి పట్టించి, బిస్కెట్ల డబ్బాలో సర్ది ఇచ్చాను. "మరదలంటే ఇలా ఉండాలిరా" అని బావ ఊరంతా చెప్పుకున్నాడు. నేనూ చెప్పుకున్నాను.

ఇంటికి పరుగెత్తి, మిగిలిన గుడ్డపీలిక ఒకటి పొయ్యి మంటలో పెట్టాను. నూలైతే బూడిద కావాలి. ఇది కరిగి, బొట్టుబొట్టుగా కారి, కాలిన ప్లాస్టిక్ దువ్వెన వాసన కొట్టింది. సగం నూలు, సగం పాలియెస్టర్. మందు వేడికి గొట్టంలోనే కరిగిపోతుంటే ఇంక గుండును పట్టి ఉంచేదేమిటి, నా తలకాయ!

నిజం చెబుతాను. ముందు దొంగబుద్ధే పుట్టింది. గుట్టుచప్పుడు కాకుండా డబ్బాలో ముక్కలు మార్చేస్తే సరి, బావ చెయ్యి కుదుటపడిందని అందరూ సంతోషిస్తారు, నా పరువూ దక్కుతుంది. చుట్టాలకోసం దాచిన కొత్త దిండు ఒకటి ఉంది, అసలైన నూలు పరుపుగుడ్డతో కుట్టినది. దాన్ని కోసేశాను. ఇల్లంతా ఈకలు. గుడ్డ ఉతికి గంజి వదలగొట్టి, పొయ్యి దగ్గర ఆరబెట్టి, ముక్కలు కోస్తూ కూర్చుంటే ముందురోజు బావ గొంతు మళ్ళీ చెవిలో పడింది. పదిరోజులుగా ఆ మనిషి తన చేతిని తనే దోషిని చేసి నిలబెట్టాడు. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే ఈ ఏడాది గట్టెక్కినా, వచ్చే ఏడు కాఫీ ఒలికిన రోజున మళ్ళీ అదే అనుమానం. సిగ్గులేకుండా ఈకల జుట్టుతోనే బయల్దేరాను.

"బావా, నీ చెయ్యి నిక్షేపంగా ఉంది. నా మెదడే మొద్దుబారింది" అని, కాలిన ముక్కలు ఆయన ముందు పోశాను.

బావ కళ్ళద్దాలు పైకి నెట్టి ఒక ముక్కను కిటికీ వెలుగులో చూశాడు. గడ్డకట్టిన అంచును గోటితో గీరాడు. నేను తిట్లకోసం ఎదురుచూస్తున్నాను. తిడితే బాగుండు.

"పదిరోజుల్నించీ ఈ చెయ్యి ఇంక నాది కాదనుకుంటున్నానే వర్నా" అన్నాడు.

నేను ఏడ్చేశాను. మా అక్క నన్ను పొదువుకుంది, నా జుట్టులోంచి ఒక ఈక తీసి, "ఇదేంటే, కోళ్ళగూట్లో పడుకున్నావా?" అంది. దాంతో అందరం నవ్వాం.

గొట్టంలో అంటుకున్న ప్లాస్టిక్ వదిలేదాకా డ్వైట్ మసిలే నీళ్ళు పోసి తోమాడు. మధ్యాహ్నం రెండింటికి బావ దిండుగుడ్డ ముక్కతో మొదటి గుండు దిగ్గొట్టాడు. బస్తా మీద ఆనించలేదు. నిలబడే కాల్చాడు. టంగుమంది నా పళ్ళెం. మళ్ళీ టంగుమంది. మూడోదానికి డ్వైట్ మంచులో గంతులేశాడు. ఆ మూడు బొక్కల్నీ నా అరచేతితో మూసేయొచ్చు. ఆ పళ్ళెంలో మళ్ళీ పై కాల్చలేను, అది వేరే సంగతి.

డ్వైట్ తుపాకీ తీసుకుని లోపలికి వెళ్ళాక అడిగాను. "నువ్వు ముప్పై ఏళ్ళు ఏరుకున్న ముక్కలు కదా బావా. మొదటిరోజే ఒక్కటి ఏరి చూసుంటే ఈ గోలంతా ఉండేదా? ఎందుకు ఏరలేదు?"

కొట్టం వైపు చూశాడు. నా వైపు చూడలేదు.

"వంగితే లేవలేకపోతున్నానే. మోకాళ్ళు. నేలమీదికి దిగితే ఏదైనా పట్టుకుంటే గానీ లేవలేను. ఆ మంచులో పట్టుకోవడానికి ఏముంది? డ్వైట్ చూస్తే అడవికి రానిస్తాడా?" అన్నాడు. "ఓర్ఫాకి కూడా చెప్పకు."

"చెప్పను గానీ, నీతోపాటు నేనూ వస్తాను" అన్నాను.

"నువ్వా? నోరు మూసుకుని నిమిషం కూర్చోలేవు."

"నువ్వు కూర్చుంటే లేవలేవు. సరికి సరి."

వేటలో రెండో రోజు పదకొండింటికి లారెల్ పొదల్లోంచి ఆడజింక ఒకటి బయటికొచ్చింది. నలభై అంగలుంటుంది. నేను నిజంగానే నోరు మూసుకున్నాను. తుపాకీ పేలి, తెల్లటి పొగ కమ్మి, ఏమీ కనిపించలేదు. పొగ తేలిపోయాక చూస్తే జింక నిలబడ్డచోటే పడి ఉంది. ఒక్క అడుగు కూడా పరుగెత్తలేదు.

కొట్టిన జింక పక్కన మోకరించి, మెడ మీద చెయ్యివేసి ప్రార్థన చెప్పుకోవడం బావ ఎన్నడూ మానలేదు. "నిలబడే చెప్పుకో బావా, దేవుడు ఏమీ అనుకోడు" అన్నాను. వినలేదు. చెట్టు బోదె పట్టుకుని ఒక మోకాలు, తర్వాత రెండోది దించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. నిరుటి జింకకు కూడా కలిపి చెప్పుకుంటున్నాడని నాకు అర్థమైంది.

అప్పటికి చప్పుడు విని డ్వైట్ రొప్పుకుంటూ కొండెక్కి వచ్చాడు. "పడిందా నాన్నా? అబ్బ, ఎంత చక్కగా కొట్టావు!" అంటూ దగ్గరికొచ్చాడు. బావ లేవలేదు. జింక చెవి సర్దుతున్నట్టు, మెడ చూస్తున్నట్టు నటిస్తున్నాడు. వాణ్ణి ఏ వంకతో కిందికి పంపాలా అని వెతుక్కుంటున్నాను.

ఇంతలో బావే తలెత్తాడు.

"డ్వైట్, నా మోకాళ్ళు పనిచెయ్యట్లేదురా" అన్నాడు, ఒక చెయ్యి వాడి వైపూ, ఇంకోటి నా వైపూ చాస్తూ. "లేపండి. వచ్చే ఏడు కూడా ఇద్దరూ రావాలి, ఒక్కళ్ళయితే చాలరు."