నోటీసు లేని ప్రశ్న

ఫోనులో వినే ఈ పాఠాల కబురు నాకు మొదట చెప్పింది మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ. అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో చెప్పే ఒక సారు చొక్కాలు ఆమే ఇస్త్రీ చేస్తుంది.

"గా సార్ పెద్దోళ్లకు ఫోన్లనే దేశం సంగతులు చెప్తుండంట అమ్మా. మీరు చేరుండ్రి, నేను సుత వింట."

చేరే ఫారంలో విద్యార్హత అని ఒక గడి ఉంది. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్నగారు పొద్దున పూజ అయ్యాక పేపరు చేతికిచ్చి పైకి చదివించేవారు. 'ఇంట్లో' అని రాశాను. అలాంటి తండ్రిని ఇచ్చినందుకు రోజూ దేవుడికి దండం పెట్టుకునేదాన్ని, ఆ గడి దగ్గర తలదించుకోవడమెందుకు?

పాఠం మొదలయ్యే పదకొండింటికి ఆమెకు గిరాకీ తగ్గుతుంది. బండి మీది దుప్పట్ల మడతలకు ఫోను ఆనించి ఇద్దరం వినేవాళ్ళం.

ఒకరోజు సారు పార్లమెంటులో 'శూన్యకాలం' అన్నారు. మా ఇళ్ళలో శూన్యమాసం వస్తే పెళ్ళి మాటే ఎత్తరు. నేను మైకు నొక్కి, "అంత పెద్ద సభ శూన్యంలో ఎందుకండీ, ఆ గంట దాటాక పెట్టుకోవచ్చుగా?" అని అడిగాను.

ఫోను నిండా నవ్వులు. పంజాగుట్ట నుంచి వినే ఒక పెద్దాయన, "అమ్మగారూ, ఢిల్లీకి పంచాంగం పంపిద్దామంటారా?" అన్నారు.

సారు నవ్వలేదు. "జీరో అవర్‌కి పుస్తకాల్లో పెట్టిన పేరమ్మా అది. మామూలు ప్రశ్నకైతే చాలా ముందుగా నోటీసు ఇవ్వాలి. ఇందులో అత్యవసరమైన సంగతి అప్పటికప్పుడు లేవనెత్తవచ్చు."

మర్నాడు, ఈ తరగతి నడిపే రిటైర్డు ఆఫీసరుగారు గ్రూపులో పెట్టారు: 'పాఠం స్థాయి దృష్ట్యా ఇకపై ప్రశ్నలు ముందురోజే రాసి పంపాలి.' ఎవరి స్థాయి గురించో నాకు తెలియకపోలేదు.

తర్వాతి వారం, మున్సిపాలిటీ నుంచని ఎవరో ఇద్దరు వచ్చి ఎల్లుండికల్లా బండి తీసెయ్యమని ఆమెకు చెప్పి వెళ్ళారు. ఇరవై ఏళ్ళుగా ఆమె ఇల్లు గడిచేది ఆ బండి మీదే. ఆ రోజు పాఠం నగరంలో రోడ్ల గురించి. ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, "అమ్మా, జర సార్‌ను అడుగుండ్రి. గిట్ల తీసెయ్యనీకి కానూన్ ఉన్నదా?" అంది.

"బండి నీది. నువ్వే అడుగు," అని మైకు నొక్కాను.

ఆమె నోరు తెరవగానే ఆఫీసరుగారు అందుకున్నారు. "నిన్న రాసి పంపారా?"

"లేదు సార్."

"మరి రూలు ఉంది కదమ్మా."

ఆమె ఫోను మీదికి వంగింది. "నా బండి తీసేటందుకు నాకు నోటీస్ ఇయ్యలే సార్. నేను అడగనీకి మీకు నోటీస్ ఇయ్యాల్నా?"

ఆయన మా మైకు ఆపేశారు. నేను మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఆపారు. మూడోసారి నొక్కి, "అయ్యా, శూన్యకాలం అంటే ఏమిటో ఇక్కడే నేర్చుకున్నాం. నేర్చుకున్నది వాడుకోకపోతే ఎందుకు చెప్పించుకున్నట్టు? పంచాంగమని నవ్వండి, చదువులేదనండి, ఈమె అడిగేదాకా మాత్రం మేం ఫోను పెట్టం," అన్నాను. మైకు మీద నుంచి వేలు తియ్యలేదు.

అప్పుడు సారు, "అడగమ్మా," అన్నారు.

ఆమె అడిగింది. వీధి వ్యాపారులకు ఒక చట్టం ఉందని, బండి తియ్యమనే ముందు నోటీసు ఇవ్వాలని అందులోనే ఉందని ఆయన విడమరిచి చెప్పారు. నేను కరెంటు బిల్లు వెనక రాసి ఇచ్చాను. చెప్పిన రోజున ఆ ఇద్దరూ వస్తే ఆమె ఆ కాగితం చూపించి, "నోటీస్ తెచ్చిండ్రా?" అంది. కనుక్కుని వస్తామని వెళ్ళారు. మళ్ళీ వస్తారేమో. ఇప్పటికైతే బండి గేటు పక్కనే ఉంది.

ఇప్పుడు ప్రతి పాఠం చివర పది నిమిషాలు శూన్యకాలం. ఆఫీసరుగారే గడియారం చూసి ప్రకటిస్తారు, ఆయనకూ నా కృతజ్ఞతలు. బేగంపేట నుంచీ ఎస్.ఆర్. నగర్ నుంచీ ఎవరెవరో మైకు నొక్కి ధైర్యంగా అడుగుతున్నారు. మీరూ ఎప్పుడైనా అలా అడిగితే, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మొదట అడిగిన ఆవిడను ఒక్కసారి తలుచుకోండి.