బాగా ఓడినవాడు

మా వైపు రోడ్డు మీద మనిషి పరిగెత్తుతూ కనిపిస్తే అందరూ అడిగే మాట ఒకటే: "ఎవురు పోయినారప్పా?" బస్సు తప్పిపోతుందనో, ఎద్దు తప్పించుకుందనో ఎవరికీ తట్టదు. వయసులో ఉన్నవాడు తెల్లవారీ తెల్లవారకముందే ఉరుకుతున్నాడంటే వాడి దగ్గర సావుకబురు ఉండి తీరాలి. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నేను చింతామణి నుంచి శిడ్లఘట్టకు పోయే రోడ్డు మీద రోజూ పరిగెత్తేవాణ్ణి. రోజూ ఎవరో ఒకరు ఆపి అదే అడిగేవాళ్ళు. ఎవరూ పోలేదంటే నమ్మేవాళ్ళు కాదు. "మల్ల ఎందుకు ఉరుకుతాండావు?" అని నిలదీసేవాళ్ళు. ఊరికే అంటే నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మీ ఇంట్లోవాళ్ళకు తెలుసునా?" అనేవాళ్ళు. ఇన్నేళ్ళయినా ఆ చూపు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది ఉమ్మడి సంసారం. మెట్టన రాగి, బావి కింద పట్టుపురుగుల మేతకు కంబళి తోట, అంటే మల్బరీ. పెత్తనమంతా మా పెద్దనాయనది. మా నాయనకు ఆయన అన్న. ఆయన ఎదుట మా నాయన కూర్చోగా నేను చూడలేదు. నేను హైస్కూలు ముగించి ఇంటికొచ్చి సేద్యంలో పడ్డాను. ఆ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచినదానికంటే పని పెట్టి పిలిచిందే ఎక్కువ. ఆకు కోసుకురా, తట్టలు కడుగు, ఎద్దుల్ని విప్పు, పెద్దాయనకు నీళ్ళు తోడు. నాకేది ఇష్టమని ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా. పరిగెత్తేటప్పుడు మాత్రం నాకెవరూ పని చెప్పలేరు. నా కాళ్ళు, నా ఊపిరి, ముందర రోడ్డు. అదేదో గొప్ప విషయమని చెప్పడం లేదు. నాకంటూ ఉన్నది అదొక్కటే అని చెబుతున్నాను.

మారథాన్ అనే మాట నాకు చెప్పింది చింతామణిలో మా హైస్కూలు డ్రిల్లు మేష్టరు. మైసూరు వైపు మనిషి. అన్నేళ్ళు మా మధ్య ఉన్నా తెలుగు నాలుగు మాటలకు మించి రాలేదు. బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురం దాకా ఇరవై ఆరు మైళ్ళ పరుగు పెడుతున్నారనీ, బెంగళూరు నుంచి పోలీసువాళ్ళూ మిలిటరీవాళ్ళూ వస్తారనీ చెప్పి నన్నూ పంపాడు. దారి కొలత కొంచెం తక్కువ పడిందని బాగేపల్లి అంగడి వీధిలో మమ్మల్ని చుట్లు తిప్పి మరీ రోడ్డుకు వదిలారు. ఆ మొదటి ఏడు నాకేమీ తెలియదు. తాడు తెంపుకున్న ఎద్దులాగా మొదట్లోనే ఉరికాను. పేరేసంద్ర దగ్గర పిక్కలు పట్టేశాయి. మిగిలిన దారి సగం నడిచి, సగం కుంటి, నాలుగు గంటలు దాటాక చేరాను. అప్పటికి పందిరి విప్పేస్తున్నారు. గడియారం పట్టుకుని కూర్చున్నది మా మేష్టరు ఒక్కడే. "ముందిన వర్ష," అన్నాడు. వచ్చే ఏడు, అని. ఆ రెండు మాటలే నన్ను ఏడాది పొడుగునా నిలబెట్టాయి.

ఆ ఏడాదంతా సాధన చేశాను. ఎద్దులకు మేత వేసి రోడ్డెక్కేవాణ్ణి. నాకు వాచీ లేదు. చింతామణి నుంచి వచ్చే తొలి బస్సు నన్ను ఏ మైలురాయి దగ్గర దాటుతుందో చూసుకునేవాణ్ణి. మొదట్లో మా ఊరి మలుపు తిరగ్గానే దాటిపోయేది. వానలు వెనకపట్టేసరికి శిడ్లఘట్ట పొలిమేర కనిపించేదాకా అది నన్ను అందుకోలేకపోయింది. ఆ సంగతి చెప్పుకుందామంటే ఇంట్లో వినేవాళ్ళెవరు? అడిగితే ఇంకో సంగటి ముద్ద పెట్టడానికే మా పెద్దమ్మకు ప్రాణం ఒప్పేది కాదు. "రోడ్డు మీద ఉరికి ఉరికి అరాయించుకునేదానికి మేము ముద్దలు పెట్టల్లనా?" అనేది. పట్టుపురుగు మేత మాని కుబుసం విడిచే కాలాన్ని మా వైపు జ్వరమంటారు. పురుగులకు జ్వరమొస్తే ఇల్లంతా మునివేళ్ళ మీద నడిచేది, గట్టిగా దగ్గినా తిట్లే. నా మడమ వాచి నేల మీద ఆనకపోతే మాత్రం ఎవరూ అడగలేదు. పురుగుపాటి చేయలేదు నేను.

అసలు గొడవ దిబ్బూరహళ్ళిలో వచ్చింది. ఒక ఆదివారం శిడ్లఘట్ట దాటి ఆ ఊరిదాకా పోయి తిరిగి రావాలని బయలుదేరాను. మా ఎదురింటి ముసలాయన కూతుర్ని ఆ ఊరికే ఇచ్చారు. ఆ సంగతి నా మనసులో లేనే లేదు. నేను ఊళ్ళోకి వచ్చేసరికి ఆమె వాకిట్లో పేడనీళ్ళు చల్లుతోంది. పుట్టింటి ఊరివాడు చెమటలు కక్కుతూ తన వైపే ఉరికి రావడం చూసి, చేతిలో చెంబు జారవిడిచింది.

"ఏమన్నా? ఏమయిందన్నా?" అంది.

నాకు ఊపిరి అందడం లేదు. ఏమీ లేదన్నట్లు చెయ్యి ఊపాను. అట్లా చెయ్యి ఊపితే అంతా అయిపోయిందని కూడా అర్థం చేసుకోవచ్చు. ఆమె లోపలికి పోయి నీళ్ళు తెచ్చింది. పరుగు మధ్యలో చెంబెడు నీళ్ళు తాగితే డొక్కలో పోటు వస్తుందని మేష్టరు చెప్పి ఉన్నాడు. వద్దని తల ఊపి, వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాను. సావుకబురు తెచ్చినవాడు ఆ ఇంట్లో నీళ్ళు ముట్టడు. అది మా ఆచారం. నా వెనక ఆమె గొంతెత్తి ఏడవడం వినిపించింది. పాపం, ఆ ఇంట్లో ఏదో కష్టం వచ్చినట్లుంది అనుకుంటూ వచ్చేశాను.

సాయంత్రం రెండు ఎద్దుబండ్ల నిండా జనం మా వీధిలో దిగారు. ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు. చచ్చిపోయినాయన అరుగు మీద కూర్చుని నులక పేనుతున్నాడు. కూతురు ఆయన్ని చూసి ఏడుపు ఆపలేదు, ఇంకా పెద్దగా ఏడ్చింది. ఎవరు పోయారో తెలియక ఆయన కూడా కాసేపు కళ్ళు తుడుచుకున్నాడు. పోయింది తనేనని తెలిశాక మా ఇంటి మీదికి వచ్చాడు.

"బతికుండంగానే నన్ను సంపి నా బిడ్డను ఏడిపించినాడు ఈడు! ఈడు మనిషా, యమదూతా?" అని వీధంతా వినబడేట్లు అరిచాడు.

బతికుండగా ఏడుపు పడినవాడికి తలంటి పోసి కొత్త పంచె కట్టించాలని పెద్దలు తేల్చారు. పంచె మా ఇంటి నుంచే. నేను చేసిన తప్పేమిటని అడిగితే నోరు ముయ్యమన్నారు. సావని నేను ఒక్క మాట అనలేదు. నీళ్ళు వద్దన్నాను, అంతే. నీళ్ళు వద్దన్నందుకు ఊరంతా కలిసి ఒకణ్ణి నిలబెట్టి కడిగిన ముచ్చట ఇంకెక్కడా జరిగి ఉండదు.

అందరూ పోయాక పెద్దనాయన నన్ను పిలిచాడు. "ఇంగ సాలు. ఆ చిక్కబళ్ళాపురం పందెం ఒగటి ఉండాది గదా, దానికి పో. గెలిస్తే నీ ఇష్టం, సచ్చేదాకా ఉరుక్కో. గెల్లేదంటే మల్ల రోడ్డు మీద కాలు పెట్టగూడదు. తోటలో కావాల్సినంత పనుండాది."

నాయన వైపు చూశాను. ఆయన స్తంభం పక్కన నిలబడి, "అన్న చెప్పినట్లే," అన్నాడు.

నేను గెలవనని పెద్దనాయనకు తెలుసు. బెంగళూరు నుంచి వచ్చే ఆ పోలీసువాళ్ళకు పరుగే ఉద్యోగం, నెలనెలా దానికే తిండి, బూట్లు. ఆ లెక్క తెలిసే ఆ షరతు పెట్టాడు. న్యాయం చేసినట్లు కనబడాలి, నా రోడ్డూ పోవాలి. నాకూ తెలుసు. అయినా కోపం కొద్దీ సరేనన్నాను.

పందెం నాడు బాగేపల్లిలో మంచు ఇంకా వదలలేదు. మేష్టరు తన కాన్వాసు బూట్లు ఇచ్చాడు. అవి నాకు బిగుతయితే వేళ్ళ దగ్గర గుడ్డ కోసేశాను. ఈసారి తొందరపడలేదు. బెంగళూరువాళ్ళు ముందుకు పోతుంటే పోనిచ్చాను. అట్లా పోనివ్వడం ఎంత కష్టమో ఎట్లా చెప్పేది? వాళ్ళ వెంట పడితే పోయిన ఏడులాగే పేరేసంద్రలో కూలబడతాను. వెంట పడకపోతే గెలవను. ఎట్లా పోయినా నా రోడ్డు పోతుంది. ఊరు దాటి రెండు మైళ్ళు పోయాక ఒక నిర్ణయానికి వచ్చాను. పోయేదే అయితే నా పరుగు నేను పరిగెత్తి పోగొట్టుకుంటాను, వాళ్ళ పరుగు పరిగెత్తి కాదు.

పేరేసంద్రలో గుడిబండెకు దారి చీలే చోట బల్ల వేసి నిమ్మకాయ నీళ్ళు ఇస్తున్నారు. నా బనీనుకు గుచ్చిన నంబరు కాగితం చెమటకు నాని దారిలో ఎక్కడో రాలిపోయింది. కోసిన బూట్లనూ, నా నిక్కరునూ చూసి బల్ల దగ్గరి పెద్దమనిషి లోటా వెనక్కి లాక్కున్నాడు. "ఇదు ఓటదవరిగె కణయ్యా," అన్నాడు. ఇవి పరుగువాళ్ళకయ్యా, అని. మరి నేనేం చేస్తున్నాననుకున్నాడో! మా వాళ్ళ దృష్టిలో నేను సావుకబురు, ఈయన దృష్టిలో దారిన పోయే దానయ్య. లోటా ఆయన చేతిలోంచి గుంజుకుని, రెండు గుక్కలు తాగి, బల్ల మీద దబ్బున పెట్టి పరిగెత్తాను. ఆ కోపమే నన్ను చాలా దూరం మోసింది. పోయిన ఏడు నేను కుంటిన చోట ఈసారి ఒక మిలిటరీ మనిషి కుంటుతున్నాడు. అతన్ని దాటాను. ఇంకో ఇద్దర్ని దాటాను. నంది కొండ కుడివైపు కనిపించాక అరికాళ్ళు మండుతున్నాయి, తొడలు రాళ్ళయ్యాయి, అయినా అడుగు సడలలేదు. చిక్కబళ్ళాపురం పొలిమేరలో పిల్లలు నా పక్కన కాసేపు ఉరికి వెనకబడ్డారు. ఎవరూ ఎవరు పోయారని అడగలేదు.

మేష్టరు గడియారాన్ని నా మొహం ముందు పెట్టాడు. మూడు గంటల పన్నెండు నిమిషాలు. పోయిన ఏటికంటే దగ్గర దగ్గర గంట తక్కువ. నేను అక్కడే మట్టిలో కూర్చుని ఏడ్చాను, సంతోషం పట్టలేక. నా ముందు పదిమంది చేరి ఉన్నారు. వాళ్ళలో ముగ్గురికి బహుమానాలు. నాకు ఆ పూట ఆ పదిమంది గుర్తుకు కూడా రాలేదు. నా కాళ్ళు చెయ్యగలిగిందంతా చేశాయి, అంతకుముందు ఎన్నడూ చెయ్యనంత చేశాయి. అంత ఆనందం నేను మళ్ళీ ఎరగను.

నా తరఫున నాలుగు మాటలు చెబుతానని మేష్టరు నాతో పాటు బస్సెక్కి మా ఊరికి వచ్చాడు. పెద్దనాయన అరుగు మీద ఉన్నాడు. కొత్త పంచె కట్టుకుని ఎదురింటాయన కూడా పక్కనే ఉన్నాడు. నాయన స్తంభం దగ్గర, అమ్మా పెద్దమ్మా గడపలో. మేష్టరు చేతులు జోడించి, మొహం వెలిగిపోతుంటే, "నిమ్మ హుడుగ తుంబా చెన్నాగి ఓడిద, యజమాన్రే!" అన్నాడు.

కన్నడంలో ఓడడమంటే పరిగెత్తడం. మీ పిల్లవాడు చాలా బాగా పరిగెత్తాడు, అని ఆయన చెప్పింది. పెద్దనాయనకు కన్నడం రాక కాదు. తాలూకా కచేరీలో అమల్దారు ముందు గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి. కావాలనే దాన్ని తెలుగులో విన్నాడు.

"ఇన్నారా? చెన్నాగి ఓడినాడంట! మనోడు శానా బాగా ఓడినాడంట!" అని తొడ చరిచాడు.

అరుగంతా నవ్వింది. నేను అవమానం దిగమింగి, "పోయినేటి కంటే గంట తగ్గించినాను పెద్దనాయినా," అన్నాను.

"ఎవుర్ని గెల్చినావు?"

"నన్ను నేనే గెల్చినాను." మేష్టరు బస్సులో చెప్పిన మాటే అది. అప్పుడు ఎంతో బాగా తోచింది.

"మంచిదప్పా. నిన్ను నువ్వు గెల్చినావు." అందరూ వినాలని ఆగాడు. "మల్ల ఓడిపోయిందెవురు? అదీ నువ్వేగదప్పా!"

ఆ నవ్వు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. ఎదురింటాయన పొట్ట పట్టుకున్నాడు. మా నాయన నవ్వాడు. గడపలో మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మేష్టరుకు ఆ తెలుగు అర్థం కాలేదు. ఇంటివాళ్ళంతా నన్ను చూసి మురిసిపోతున్నారనుకుని, నా వీపు తట్టి, అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు. నేను ఆయనకు చెప్పలేదు. ఆయన్ని బస్సెక్కించి వెనక్కి వచ్చేసరికి నాయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. "అన్న మాట ఇన్నావు గదా. పొద్దున్నే ఆకు కొయ్యను పో," అన్నాడు.

ఎందుకు ఎదురు తిరగలేదని ఇప్పటి పిల్లలు అడుగుతారు. ఆ ఇంట్లో ఎదురు తిరిగినవాడికి తిండెక్కడ, భూమెక్కడ? మర్నాడు తోటలోకి పోయాను. ఆ మర్నాడూ పోయాను. పెద్దనాయన పోయాడు, నాయన పోయాడు, తోట నా చేతికి వచ్చింది. అప్పటికి మోకాళ్ళు పోయాయి.

మనవళ్ళు ఊళ్ళో పరుగుపందేలకు పోతుంటారు. మంచి బూట్లు, చేతికి వాచీలు. "తాతా, నీ బెస్టు టైము ఎంత?" అంటారు. మూడు గంటల పన్నెండు నిమిషాలంటే, ఆ కాలంలోనే అంత తక్కువా, అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు నాకు ఒంటికి పట్టదు. అది నా బెస్టు కాదు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఎట్లా పరిగెత్తాలో ఆ పొద్దే మొదటిసారి తెలిసింది. అది ఇంకా తగ్గేది. ఎంత తగ్గేదో నన్ను చూసుకోనివ్వలేదు.