ఐలవ్వ విన్న డైరెక్టరీ

నా పేరు యిర్మియా. గోదావరిఖనిలో మిషన్ బడి పంతులుని. ఈ ఊరికి ఇండ్ల డైరెక్టరీ వేసిన మొదటి మనిషిని నేనే, చివరి మనిషినీ నేనే. నా తర్వాత ఆ పిచ్చి ఇంకెవరికీ పట్టలేదు. ఇప్పుడు, 1978లో కూడా, నెలకు ఒకరిద్దరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "సారూ, మా నాయిన మొదాలు ఏ లైన్ల ఉన్నడో జర చూడుండ్రి" అంటారు. పాత పుస్తకం తీసి చూపిస్తాను. తండ్రి పేరు మీద వేలు పెట్టి మురిసిపోతారు. నాకు మాత్రం ఐలవ్వ గుర్తొచ్చి తల కొట్టేసినట్టవుతుంది. ఆమె సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, చెప్తే నా మర్యాద పోతుందని. పోతే పోనీ.

టీచరు ట్రైనింగుకు సికింద్రాబాదు పోయినప్పుడు మిషన్ ఆఫీసులో ఒక లావుపాటి పుస్తకం చూశాను. వీధి వీధికీ ఇంటి నంబర్లు, ఒక్కో ఇంట్లో ఉండే మనిషి పేరు, చేసే పని, అన్నీ వరసగా అచ్చయి ఉన్నాయి. ఇక్కడికి వచ్చి చూస్తే ఎవరికీ ఎవరూ తెలియరు. కొత్త ఊరు, అందరూ ఎక్కడెక్కడి పల్లెల నుంచో బొగ్గుబాయి పనికి వచ్చినవాళ్లు. వాళ్ల చుట్టాలు రామగుండం స్టేషనులో దిగి, నెత్తిన మూటతో ఎండలో కార్మికుల ఇండ్ల లైన్లన్నీ తిరిగి, మనిషి దొరక్క మళ్లీ బండెక్కేవారు. అందుకే 1963లో గడప గడపకూ తిరిగి రాసి, కరీంనగర్ ప్రెస్సులో అచ్చు వేయించాను. 1966లో రెండోది వేశాను. లైను, ఇంటి నంబరు, పేరు, పని (బొగ్గు తొట్లు నింపే ఫిల్లరో, ఇంకేదో), సొంతూరు, ఇంట్లో ఎంతమంది. పోస్టాఫీసులో ఒక కాపీ, బస్టాండు హోటల్లో ఒకటి పెట్టుకున్నారు. నా గొప్ప నేనే చెప్పుకోకూడదు గానీ, ఊరంతా తిరిగి చెప్పుకున్నాను, నా పుస్తకంలో లేని మనిషి ఈ ఊళ్లో లేడని.

ఐలవ్వ 1968 మే నెలలో వచ్చింది. పెద్దపల్లి దిక్కు కొత్తపల్లి ఆమె ఊరు. యాభై దాటిన బక్కమనిషి, ఎండకు కమిలిపోయి ఉంది. హోటలాయన మా ఇల్లు చూపించాడట. అరుగు మీద కూర్చుని, నీళ్లు తాగి, సంగతి సూటిగా చెప్పింది.

"నాకు ఒక్కడే కొడుకు, ఎల్లేశం. వాళ్ల నాయినతోటి పంచాది పెట్టుకొని నాలుగేండ్ల కింద ఇల్లిడిసి పోయిండు. ఆయన పోయిన ఏడు కాలం చేసిండు, గప్పుడుగూడ రాలె. బొగ్గుబాయిల ఉన్నడని ఒగలంటరు, సచ్చిండని ఒగలంటరు. కోడలు కనకవ్వ నా తాన్నే ఉన్నది. ఇగ మిరుగం దాకనే చూస్తమన్నరు పెద్దమనుషులు. గప్పటికి జాడ తెల్వకపోతె దానికి మారుమనువు చేస్తరు. వాళ్లను తప్పు పట్ట, పిల్ల వయసుది. నా కొడుకు ఉన్నడో లేడో నీ పుస్తకం చూసి చెప్పు బిడ్డా."

మిరుగమంటే మృగశిర కార్తె, జూన్ మొదట్లో, తొలకరికి. ఇంకా మూడు వారాలుంది.

పుస్తకం తిరగేశాను. ఎల్లేశం పేరుతో ఇద్దరు కనిపించారు. ఒకాయన నాకు తెలిసిన యాభై ఏళ్ల మనిషి, ఇంకొకాయనది వరంగల్ దిక్కు. "లేడవ్వా" అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా. "నా పుస్తకంల లేడంటె ఈ ఊళ్లె లేనట్టే" అని కూడా అన్నాను.

ఆమె లేవలేదు. "గిన్ని పేర్లు రాసినవ్. అన్ని సదువు, నేను ఇంట" అంది.

బడికి సెలవులు, నాకూ వేరే పని లేదు. పైగా నా పుస్తకాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా వింటానన్న మనిషి అంతకు ముందు ఎవరూ దొరకలేదు. రెండు రోజులు చదివాను. చదువు రాని మనిషే గానీ, ఒకసారి విన్నది మరిచిపోయేది కాదు. మొదటి పుస్తకం అయి రెండోది ఎత్తుకోగానే నన్ను ఆపడం మొదలుపెట్టింది. "ముంగటి దాంట్ల గీ ఇంట్ల నలుగురన్నవ్, దీంట్ల ముగ్గురే. ఒగలేమైండ్రు?" నేను గుర్తు తెచ్చుకుని, బాయిలో పైకప్పు కూలి పెద్దకొడుకు పోయాడని చెప్తే, ఆ తల్లి పేరేంటని అడిగేది. "గీ గుడిసెల ఆయన గిప్పుడు క్వార్టర్లకొచ్చిండా? పెండ్లాన్ని గూడ తెచ్చుకున్నట్టున్నడు, మంచిగైంది." ఎన్నడూ చూడని వాళ్ల కోసం బాధపడింది, సంతోషపడింది. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చదివితే ఒక్కో ఇంటి కథ తెలుస్తుందని నాకు నేర్పింది ఆమే. అంతవరకు నాకు నంబర్లు తప్ప ఏమీ కనపడలేదు.

రెండో రోజు మధ్యాహ్నం మూడో లైనుకు వచ్చాను. "నలభై ఆరు. సదయ్య, ఫిల్లరు, సొంతూరు కొత్తపల్లి, ఒక్కడే."

"ఆగు" అంది ఐలవ్వ. "మా ఊరి సదయ్యనా? వాడు నౌకరికి ఎక్కిన వారానికే బాయిలంటె భయపడి ఉరికొచ్చిండు. నాలుగేండ్ల సంది ఊళ్లె మేకలు కాస్తున్నడు. నేనొచ్చే పొద్దుగూడ ఎదురైండు. మరి గా ఇంట్ల ఉన్నదెవ్వరు?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. రెండేళ్ల కింద పేర్లు రాసుకుంటూ ఆ ఇంటి ముందు నిలబడ్డప్పుడు, పక్కింటి బుచ్చన్న "ఎల్లేశం, జల్ది రా, షిఫ్టుకు టైమైతుంది" అని కేకేశాడు. లోపలి నుంచి ఒక పడుచువాడు "ఒస్తున్న" అంటూ బయటికి వచ్చి, నా చేతిలో పుస్తకం చూసి ఆగిపోయాడు. పేరేంటని అడిగితే నేల చూపులు చూస్తూ సదయ్య అన్నాడు. నేను బుచ్చన్న వైపు చూశాను. "గదే రాయుండ్రి సార్" అన్నాడు బుచ్చన్న. అదే రాశాను. మా దగ్గర ఇది కొత్త సంగతి కాదు. నౌకరి వచ్చినవాడు భయపడి వెళ్లిపోతే, ఆ కాగితం మీద ఇంకొకడు ఆ పేరుతోనే బాయిలోకి దిగేవాడు. జీతం, క్వార్టరు అన్నీ ఆ పేరు మీదే. ప్రతి లైనులో అట్లాంటి వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. ఆఫీసులో తెలిస్తే నౌకరి పోతుంది. లైనులో చిన్నపిల్లలకు కూడా అసలు పేర్లు తెలుసు, ఎవరూ నోరు మెదపరు.

ఆ ఇల్లు మా ఇంటికి పావుగంట నడక. "కూసో అవ్వా, తోలుకొస్త" అంటే అయిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. చివరికి నేనన్నది ఇది: "గది మీ కొత్తపల్లి కాదవ్వా. గోదారి అవతల చెన్నూరు దిక్కు ఇంకో కొత్తపల్లున్నది. గా సదయ్య వేరే."

ఆమె నా మొహం చూసింది. చదువుకున్న పంతులు, అచ్చుపుస్తకం. నమ్మింది. మిగతా లైన్లు కూడా విని, కొంగు దులుపుకుని లేచి, సాయంత్రం బండికి స్టేషనుకు పోయింది.

నిజం తెలిస్తే ముసలమ్మ లైనులో అసలు పేరు పెట్టి ఏడుస్తుందని, ఎల్లేశం నౌకరి పోతుందని, అందుకే చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. గుట్టుగా పిలిపించి ఇంట్లో కలిపితే ఎవరికి తెలిసేది? నా పుస్తకంలో తప్పుందని ఆమె ముందు ఒప్పుకోవాల్సి వస్తుందని చెప్పలేదు. అంతే, వేరే ఏమీ లేదు.

మా ఇంటామె మార్తమ్మ లోపల బియ్యం చెరుగుతూ అంతా విన్నది, ఆ ఇంటి గుట్టు ఆమెకూ తెలుసు. "గా మూడో లైను పిలగానికి చెప్పకపోతిరి?" అంది ఆ సాయంత్రమే. చెప్తాలే అన్నాను. రేపు పోదామనుకునేవాణ్ణి. రేపు అతనికి రెండో షిఫ్టు అని తెలిసేది. ఆదివారం చర్చి అడ్డమొచ్చేది. ఆ తర్వాత జ్వరమన్నాను. పోకూడదనుకున్న వాడికి సాకులకేం తక్కువ? అట్లా నాలుగు వారాలు గడిచాయి. తొలకరి పడ్డ రోజు మార్తమ్మ నా గొడుగు తెచ్చి చేతిలో పెట్టింది. "గామె కడుపుకోత కంటె మీ పుస్తకం పెద్దదైందా? రోజు ప్రార్థన ఏ మొకం పెట్టుకొని చేస్తున్నరు?" అంది. గొడుగు విప్పి బయల్దేరాను.

ఎల్లేశం మొదటి షిఫ్టు దిగి వచ్చి ఇంటి ముందు ఒంటికంటిన బొగ్గు కడుక్కుంటున్నాడు. సంగతంతా చెప్పాను, నా అబద్ధంతో సహా. నన్ను తిడతాడనుకున్నాను. అతను చెంబు కింద పెట్టాడు.

"మా అవ్వ వచ్చిందా? రెండు దినాలు ఈడ్నే ఉన్నదా?" అన్నాడు. మళ్లీ తనే, "పర్మనెంటైనంక కనకవ్వను తోలుకొద్దామనుకున్న సార్. కంపెనీల వచ్చే నెల చేస్తమన్నరు" అన్నాడు.

సగం కడిగిన ఒంటి మీదే చొక్కా వేసుకుని స్టేషనుకు పరుగెత్తాడు. నాలుగో రోజు తిరిగి వచ్చాడు. వెంట తల్లి వచ్చింది, కనకవ్వ రాలేదు. ఎనిమిది రోజుల కిందే ఆమెకు మారుమనువు చేసేశారని బుచ్చన్న నాకు చెప్పాడు. ఎనిమిది రోజులు. నేను జ్వరమని ముసుగు తన్ని పడుకున్నవే దాదాపు అన్ని రోజులు.

ఆ తర్వాత మూడో లైను వైపు నేను పోలేదు. కానీ 1969లో మూడో డైరెక్టరీ పనిలో పోక తప్పలేదు. నలభై ఆరో ఇంటి ముందు ఐలవ్వ చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. నన్ను చూసి పీట జరిపింది. నేను కూర్చోలేదు.

"అవ్వా, గా పొద్దు నేను..." అని మొదలుపెట్టాను.

"గా ముచ్చట ఇడిసిపెట్టు. రాసుకునేటందుకొచ్చినవ్ కద, రాసుకో" అంది. "ఇంటాయన సదయ్య. నేను వాని అవ్వను, పోశవ్వను."

పోశవ్వ అంటే కొత్తపల్లిలో ఉన్న అసలు సదయ్య తల్లి. కంపెనీ కాగితాల్లో సదయ్య తల్లిగా ఆ పేరే ఉంది. "నీ పేరు ఐలవ్వ కదవ్వా" అన్నాను మెల్లగా.

"గా పేరు ఊళ్లె ఇడిసొచ్చిన. కోడలు పాయె, వాని నౌకరన్న ఉండాలె గద."

ఆమె గింజలు తీస్తూనే నా కోసం ఆగింది. చివరికి రాశాను. ఏం రాశావో చదవమంది. "మూడో లైను, నలభై ఆరు. సదయ్య, ఫిల్లరు, సొంతూరు కొత్తపల్లి. తల్లి పోశవ్వ." ఆ రెండు రోజులు విన్నట్టే తల కొంచెం పక్కకు వంచి విన్నది.

"ఏ కొత్తపల్లో గూడ రాయి బిడ్డా. చెన్నూరు దిక్కుది అని రాయి. మా ఊరోళ్లు ఎవలన్న వచ్చి సదివిచ్చుకుంటె కష్టం" అంది.

ఆమె గొంతులో కోపం లేదు. పుస్తకం మళ్లీ తెరిచి, ఆమె చూస్తుండగానే, కొత్తపల్లి పక్కన చెన్నూరు దిక్కు అని రాశాను.