బెల్తరా దారిలో దించిన మేకు

నేను రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు, మే నెలాఖరులో, నన్ను బిలాస్‌పూర్‌లో కూర్చునే ఒక సైట్ బోర్డుకు సర్వే సభ్యురాలిగా వేశారు. సైన్యానికి కొత్త డిపో కావాలంటే ముందుగా స్థలాలు చూసి నివేదిక రాసే అధికారుల బృందాన్ని మా శాఖలో బోర్డు అంటారు. దానికి అధ్యక్షుడు ఒక కల్నల్. కొలతలు, హద్దులు నా వంతు. పుట్టి పెరిగింది బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలోనే కనుక, సొంత ఊళ్ళో డ్యూటీ పడిందని పొంగిపోయి నాలుగు చీరలు ఎక్కువే సర్దుకున్నాను.

మామూలుగా బోర్డు కూర్చునే ముందు ఫైలు ఏడాదైనా తిరుగుతుంది. ఈసారి లోక్‌సభ ఫలితాలు వచ్చిన వారంలోనే ఉత్తరం దిగింది. గెలిచినాయన ప్రచారంలో బెల్తరా దారిలోని ఒక పల్లెలో నిలబడి, డిపో ఇక్కడికే తెస్తానని మాటిచ్చాడు. ఉత్తరంలో ఆ సంగతి లేదు. ‘గతౌరా దగ్గరి స్థలంతో పాటు ఈ స్థలాన్ని కూడా సానుకూలంగా పరిశీలించగలరు’ అని మాత్రం ఉంది. ముప్పై ఏళ్ళుగా ఇలాంటి ఉత్తరాలు చదివినదాన్ని. పరిశీలించమంటే చూడమని, సానుకూలంగా అంటే బాగుందని రాయమని.

డిపోకు పక్కన రైలు లైను కావాలి, నీరు నిలవని మెరక నేల కావాలి. గతౌరా స్థలానికి రెండూ ఉన్నాయి. పల్లెలోది పల్లపు నేల. వరికి అంతకంటే మంచిది దొరకదు, సామాన్ల గోదాములకు అంతకంటే చెడ్డదీ దొరకదు. దాన్ని మెరక చేసి అంత దూరం లైను వేయాలంటే, డిపో కట్టే ఖర్చు కంటే అదే ఎక్కువయ్యేలా ఉంది.

అయినా కొలవాలి కదా. జూన్ మొదటి వారంలో ఒక ఉదయం ఆ పల్లెలో కొలతకు గుర్తుగా మొదటి మేకు దించబోతుంటే అప్పలస్వామి చెయ్యి ఆపాడు. ఆయన నా చైన్‌మన్. గొలుసుతో కొలిచే రోజులు పోయినా మేకులూ జెండా కర్రలూ పట్టే మనిషిని ఇప్పటికీ అలాగే పిలుస్తాం. ఆయన తండ్రీ మా నాన్నా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఏడు వచ్చి లోకో షెడ్డులో చేరారు.

“ఏటి మేడమ్, ఉత్తినే దించేస్తామేటి? షెడ్డులోంచి ఇంజను బయటికెళ్తే మీ నాన్నగారు కాయ కొట్టించీవోరు కారా?” అన్నాడు. సంచిలో కొబ్బరికాయ అప్పటికే సిద్ధంగా ఉంది. చిన్నప్పటి ఆ షెడ్డు వాసన గుర్తొచ్చి నాకూ మనసు ఊరుకోలేదు. కానిమ్మన్నాను.

నా సర్వీసులో అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. కాయ పగలడం గెలిచినాయన మనుషులు ఫోన్లో తీశారు. మధ్యాహ్నానికి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ భూమిపూజ అయిపోయిందని తెలిసింది. మర్నాడు ఆయనే స్వయంగా వచ్చి మా ఇనప మేకుకు బంతిపూల దండ వేసి వెళ్ళాడు.

మేకు దిగింది బిసాహూ అనే రైతు పొలం మధ్యలో. యాభై దాటిన మనిషి. కొలతలు సాగినన్నాళ్ళూ మాకు కుండతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. వానలు పడ్డాయి. పల్లెకు అవతల సీపత్ ఊరి వైపు పొలాలన్నిట్లో విత్తనం పడింది. బిసాహూ మాత్రం నాగలి కట్టలేదు. ఆయన్ని చూసి ఇరుగుపొరుగూ ఆగిపోయారు. చివరికి ఒకరోజు నా దగ్గరికొచ్చి అడిగాడు.

“విత్తాలా వద్దా, దీదీ? పూజ జరిగిన నేల దున్నితే సర్కారు మీద తిరగబడ్డట్టు కాదా? డిపో వస్తే నేల ఇచ్చేస్తాను, ఓటు కూడా దానికే వేశాను. రాకపోతే ఏడాదంతా ఇంట్లో ఏం తింటాం?”

అప్పటికి రెండు రోజుల ముందే నివేదిక మీద సంతకాలయ్యాయి. ‘సానుకూలంగానే పరిశీలించాం, నేల ఒప్పుకోలేదు’ అని కల్నల్ నవ్వి, పల్లె స్థలం పనికిరాదన్న పేజీ మీద మొదటి సంతకం తనే పెట్టారు. ఆ మనిషంటే నాకు అప్పుడు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. కానీ పైనుంచి నిర్ణయం వచ్చేదాకా బోర్డు సిఫారసు రహస్యం. అందుకు ఏడాదైనా పట్టవచ్చు, విత్తనానికి ఉన్నది వారం. నాకేమీ తెలియదని బిసాహూతో అబద్ధం చెప్పాను. సిగ్గేసింది.

జీపులో అప్పలస్వామి, “కాయ కొట్టింది నానే కదా మేడమ్. నానే ఎల్లి చెప్పీసొస్తాను. నాకేటవుద్ది?” అన్నాడు. ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు, ఉద్యోగం పోతుంది. వద్దన్నాను. గదికి వెళ్ళి సర్వే నియమాల పుస్తకం తీశాను. కొలతలు సరిచూసుకున్నాక తాత్కాలిక మేకులన్నీ తొలగించాలని అందులో స్పష్టంగా ఉంది. ఆ నియమం పాటించినవాళ్ళను నేను చూడలేదు. మేకుల్ని వానలకూ పశువులకూ వదిలేసి వచ్చేస్తాం.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ఊరంతా చూస్తుండగా, దండ ఎండిపోయిన ఆ మేకును పీకించాను. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. బిసాహూ గుంత వైపు చూశాడు, నా వైపు చూశాడు. “అచ్ఛా, దీదీ” అని, కాలితో మట్టి లాగి తనే గుంత పూడ్చి, ఎడ్ల కోసం ఇంటికి నడిచాడు.

‘తాత్కాలిక మేకులు తొలగించడమైనది’ అని ఫీల్డు పుస్తకంలో రాసి కల్నల్ ముందు పెట్టాను. ఆయన ఆ వాక్యం రెండుసార్లు చదివారు. గుంత పూడ్చారా అని మాత్రం అడిగి సంతకం చేశారు.

డిపో గతౌరాకూ రాలేదు. ఎన్నికల పోటీ ఇంకా గట్టిగా జరిగిన వేరే జిల్లాకు పోయిందని ఏడాది తర్వాత తెలిసింది. ఆ ఏడు బిసాహూ పొలం మాత్రం పండింది. కొత్త బియ్యం ఒక చిన్న మూట అప్పలస్వామి క్వార్టర్‌కు చేరింది, సగం నాకు తెచ్చిచ్చాడు.

ఎన్నికల మాట మా ఫైళ్ళలో ఎక్కడా కనిపించదు, కానీ ఫైలు ఎటు నడవాలో, ఎంత వేగంగా నడవాలో అదే చెబుతుంది. దాన్ని ఆపే అధికారం సర్వేయరుకు లేదు. తను దించిన మేకును తనే పీకే అధికారం ఉంది. ఆ తర్వాత ఎక్కడ కొలతకు వెళ్ళినా, పీకే రోజు ఏదో ఆ పొలం మనిషికి చెప్పకుండా నేను మేకు దించలేదు. అప్పలస్వామి మాత్రం కాయ కొట్టడం మానలేదు. ఆఖరి మేకు పీకాక కొట్టేవాడు.